చోటా హాథీ కొనబోతున్న అల్లుడికి

బోరబండ, సైట్-3



నువ్వు సెకండ్ హ్యాండ్ చోటా హాథీ, అదే టాటా ఏస్, చూశావనీ, 2014 మోడలనీ, లక్షా ఎనభై వేలకు బేరం వచ్చిందనీ అక్క ఫోన్‌లో చెప్పింది. మాదాపూర్ హాస్టళ్లకు నీళ్ల క్యాన్లు వేస్తావట. మంచి పనే. ఇక్కడ ఐటీ పిల్లలు ఉన్నంతకాలం ఆ గిరాకీ తగ్గదు. కానీ చేతిలో ఉన్న రెండు లక్షల్లో లక్షా ఎనభై బండికే పోస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. బండి ధర కాక ఇంకో అరవై వేలు పక్కన ఉంటేనే కొను. లేదంటే నాలుగైదు నెలలు వేరేవాళ్ల బండి నడిపి కూడబెట్టుకో. అట్లాగని ఇంకా తక్కువ ధర బండి వెతకొద్దు, దాని రిపేరు ఇంతకంటే ఎక్కువవుతుంది.

అరవై వేలు ఎందుకో చెబుతాను. ఏస్ 2005లో వచ్చినప్పుడు దాని ఇంజన్ 702 సీసీ, రెండు సిలిండర్లు, 16 హార్స్‌పవర్. మోయగలిగింది ముప్పావు టన్ను. చిన్న సందుల్లో చిన్న బరువులు మోయడానికి చేసిన బండి అది, ఆ లెక్కలో వాడితే చాలాకాలం మన్నుతుంది. ఇప్పుడు నీ క్యాన్ల లెక్క చూడు. ఒక్క క్యాన్‌లో 20 లీటర్లంటే 20 కిలోల నీళ్లు, క్యాన్ బరువు అదనం. 35 క్యాన్లు వేస్తేనే 700 కిలోలు దాటుతుంది. నీతోపాటు దించే కుర్రాడు ఒకడు కూర్చుంటే బండి మోయాల్సింది మోసేసినట్టే. ఆర్సీలో ఖాళీ బరువు, మొత్తం బరువు రెండూ ఉంటాయి. మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసెయ్యి, ఆ పైన ఒక్క క్యాన్ కూడా ఎక్కించకు. యాభై క్యాన్లు వేసుకుని మన బోరబండ ఎత్తులు ఎక్కించేవాళ్లను రోజూ చూస్తున్నాను. కమాన్ కట్టలు విరిగి, క్లచ్ ప్లేటు మాడి నా మెకానిక్ షెడ్డుకు వచ్చేవి ఆ బండ్లే. రెండో ట్రిప్పు వేస్తే కొంత డీజిలే పోతుంది, క్లచ్ పోతే సెట్టుకు మజూరీతో కలిపి ఆరేడు వేలు పోతాయి.

ఇంకో సంగతి, ఇది చాలామంది పట్టించుకోరు. మాదాపూర్ రోడ్ల మీద కిలోమీటర్ల లెక్క మోసం చేస్తుంది. రోజుకు నలభై కిలోమీటర్లే తిరుగుతావు, ఇంజన్ మాత్రం ఐదారు గంటలు నడుస్తూనే ఉంటుంది. సైబర్ టవర్స్ దగ్గర ఫస్ట్ గేరులో, సగం నొక్కిన క్లచ్‌తో పాకిన ప్రతి నిమిషం అరుగుదలే. మీటరు చూసి ‘ఇంకా టైమ్ ఉంది’ అని ఆయిల్ మార్చకుండా నడిపితే, లోపల ఆయిల్ అప్పటికే నల్లగా పలచబడి ఉంటుంది. అందుకే నీ బండికి ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు కిలోమీటర్లతో కాక నెలలతో లెక్కపెట్టి మార్చు.

ఈ ఇంజన్‌కు అసలు గండం వేడి. ట్రాఫిక్‌లో గాలి తగలదు, పాత రేడియేటరు సగం పూడుకుపోయి ఉంటుంది, ఓనరు కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోసి నడిపి ఉంటాడు. మన బోరు నీళ్లలోని సున్నం లోపల పేరుకుంటుంది. ఒక్కసారి బాగా వేడెక్కిందంటే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, ఇంకాస్త అలాగే నడిపితే హెడ్డే వంగుతుంది. అప్పుడు ఇంజన్ దించి, హెడ్డు లేత్‌కు పంపి, సిలిండర్లకు బోర్ కూడా చేయించాల్సి వస్తే నలభై వేలకు తక్కువ కాదు. వేడి చూపే ముల్లు ఎరుపు వైపు జరిగితే హాస్టల్ వార్డెన్ ఎంత తొందర పెట్టినా సరే, పక్కకు తీసి ఇంజన్ ఆపెయ్యి. వేడి మీద రేడియేటర్ మూత తీయకు, ముఖం కాలుతుంది.

చూడబోయే బండి దగ్గరికి పొద్దున ఆరింటికి, ముందుగా చెప్పకుండా వెళ్లు. సీటు ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నువ్వు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఆ రోజుకు తిరిగి వచ్చెయ్. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి పొగ చూడు. నీలం పొగ వదలకుండా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది, బోర్‌కు వచ్చినట్టే. నల్ల పొగ పంపు, నాజిల్ సంగతి. తెల్ల పొగ కాసేపట్లో ఆగకపోతే, ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి నురగ ఉందేమో చూడు. ఉంటే నీళ్లు, ఆయిల్ కలుస్తున్నాయి, ఆ బండి మనకొద్దు. టైమింగ్ బెల్టు కొత్తదేనని ఎవరు ఒట్టేసినా నమ్మకు, కొన్న మొదటి వారంలోనే మార్పించు. అది నడుస్తుండగా తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగులుతాయి.

ఆ బండి ఇంతకుముందు ఏ పని చేసిందో కూడా కనుక్కో. టెంట్ హౌస్ బండి తక్కువ తిరుగుతుంది కానీ పైపుల బరువుతో నడుము విరిగి ఉంటుంది. పార్సిల్ బండికి సెల్ఫ్, క్లచ్ పోయి ఉంటాయి. నీళ్ల క్యాన్ల బండే అయితే కిందికి దూరి డెక్కు అడుగున, చాసిస్ మీద తుప్పు చూడు. పైన కొత్త పెయింటు మెరుస్తున్న బండిని ఇంకా జాగ్రత్తగా చూడాలి.

కాగితాల దగ్గర బ్రోకర్ మాట వినకు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఏటా చేయించాలి, దాని తేదీ చూసుకో. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వు. పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌లో చూడు. నంబరు ఏపీతో మొదలైతే కంగారుపడకు, 2014 జూన్‌కు ముందు ఇక్కడ రిజిస్టరైన బండ్లన్నిటికీ అదే సిరీస్. ఆర్సీలో పేరున్నవాడే ఓనరని, యాక్సిడెంటు అయితే బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో చెప్పింది. ఆ మాట అమ్మేవాడికి చెప్పు, ఫారం 29, 30 మీద తనే త్వరగా సంతకాలు పెడతాడు. నీ కారు లైసెన్సు ఈ బండికి సరిపోతుంది. 7,500 కిలోల లోపు రవాణా బండ్లు ఆ లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. బ్యాడ్జ్ ఇప్పిస్తానని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకు.

ఇన్సూరెన్స్ నిన్ను ఉలిక్కిపడేలా చేస్తుంది. ఈ తరగతి గూడ్స్ బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నుంచి ఏడాదికి 16,049 రూపాయలు, జీఎస్టీ వేరు. అంటే బండి కదిలినా కదలకపోయినా రోజుకు నలభై నాలుగు రూపాయల ఖర్చు. దానికి తోడు టైర్లు నాలుగు, ఒక్కోటి నాలుగు వేల దరిదాపు. ఎఫ్‌సీకి ముందు బ్రేకులు, లైట్లు, టింకరింగ్, పెయింటు. బ్యాటరీ. మూడు నెలలకోసారి ఆయిల్. నా షెడ్డు లెక్క ప్రకారం రోజుకు రెండు వందలు తీసి పెట్టాలి. నెలకు ఇరవై ఆరు రోజులు నడిపితే ఏడాదికి అరవై రెండు వేలు చేరతాయి. ఆ డబ్బుకు వేరే అకౌంట్ తెరువు. పండుగ వచ్చినా, చెల్లెలి ఫీజు కట్టాల్సి వచ్చినా అందులో చెయ్యి పెట్టకు. ఆ అవసరాలకు నన్నడుగు, నేనిస్తాను. మంచి బండ్లు మూలన పడటం చాలా చూశాను, దాదాపు ప్రతిసారీ రిపేరు డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోవడమే కారణం.

బ్రోకర్‌కు అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు కదా? బండి నంబరు, ఆర్సీ ఫోటో రేపు పంపు. ఆదివారం పొద్దున నేనూ వస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం. మా ఇంటికి వచ్చేటప్పుడు అక్కను కూడా తీసుకురా, అత్తయ్య అడుగుతోంది.

ఇట్లు,
మీ మామయ్య