ఇంటిలో మెష్ వైఫై నమర్చుకొను విధము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో నేడు అనేక గృహములకు ఫైబరు తీగ వచ్చియున్నది. అయినను మేడమీది గదిలో కూర్చుండి పాఠము చూచు బాలునకు బొమ్మ నిలిచి నిలిచి కదలుచుండును. తండ్రి యది చూచి, నెలకు మరికొంత సొమ్ము చెల్లించి పెద్ద ప్లాను తీసికొనును. బొమ్మ మాత్రము పూర్వమువలెనే నిలిచిపోవును. ఏలయన లోపము వీధినుండి వచ్చు తీగయందున్నదో, ఇంటి గోడలయందున్నదో ఆయన ముందుగా విచారింపలేదు.

ఫైబరనగా తలవెండ్రుకవంటి సన్నని గాజుతంతువు. దానిలో వెలుతురు ప్రయాణించును. ప్రకాశపాఠములో చెప్పు సంపూర్ణాంతర పరావర్తనమే దీనికి మూలము. గాజును మిక్కిలి శుద్ధిచేసినచో దానిద్వారా వార్తలను చాల దూరము పంపవచ్చునని చార్లెస్ కావో 1966లో నిరూపించెను. 2009లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఈ తంతువు మన గోడపైనున్న చిన్న పెట్టెలో ముగియును. దానిని ఓ.ఎన్.టి. యందురు. అది వెలుతురును విద్యుత్సంకేతములుగా మార్చును. పెట్టెపై ‘పాన్’ అను దీపము నిలుకడగా వెలుగుచు, ‘లాస్’ అను ఎర్రదీపము ఆరియున్నచో పెట్టెకు వెలుతురు అందుచున్నదని గ్రహింపవలెను. తీగను బిగువుగా మడవరాదు. ఊడదీసిన కొనను కంటియెదుట పెట్టుకొని చూడరాదు. ఆ వెలుతురు మనకు కనబడదు గాని కంటికి హాని చేయవచ్చును.

మెష్ పరికరములు కొనుటకు ముందు ఒక పరీక్ష చేయవలెను. కంప్యూటరును తీగతో ఓ.ఎన్.టి.కి కలిపి వేగము కొలువుడు. 100 మెగాబిట్ల ప్లానునకు ఇంచుమించుగా అంతయు వచ్చినచో కంపెనీవారియందు దోషము లేదు, పెద్ద ప్లానుతో ప్రయోజనమును లేదు. అచ్చటనే వేగము లేకున్నచో కంపెనీకి ఫిర్యాదు చేయవలెను గాని, ఎన్ని మెష్ పెట్టెలు తెచ్చినను రోగము కుదురదు.

ఇక గోడల సంగతి. వైఫై సాధారణముగా రెండు విధములైన రేడియో తరంగములను వాడును. 2.4 గిగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జులది సుమారు 6 సెంటీమీటర్లు. రెండవది ఎక్కువ వేగము నిచ్చును గాని గోడలను దాటుటలో దుర్బలము. పాత యిండ్ల మందపు రాతిగోడలు, స్లాబులోని ఇనుపచువ్వలు, నిండిన నీళ్లతొట్టి, నిలువుటద్దము, అన్నిటికంటె ముఖ్యముగా ఇనుపబీరువా, తరంగములకు శత్రువులు. మిర్యాలగూడ బియ్యపుమిల్లులోని రేకుల షెడ్డులో ఆఫీసుగది రూటరు ఏల పనిచేయదో దీనినిబట్టి ఊహింపవచ్చును. మన యిండ్లలో ఓ.ఎన్.టి.ని తీగ లాగిన పనివాడు తనకు అనుకూలమైన చోట, అనగా వీధితలుపు ప్రక్కనో టీవీ వెనుకనో బిగించి పోవును. రెండుగదుల యిల్లైనచో దానిని నడిమికి మార్పించుకొనిన చాలును, మెష్ అక్కరలేదు.

పెద్ద యింటికి మాత్రము మెష్ మంచి ఉపాయము. మెష్ అనగా వల. రెండుమూడు పెట్టెలు ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో ఇంటినిండ వైఫై నిచ్చుచు, ఒకదాని వార్త నొకటి అందుకొనుచుండును. ఫోను పట్టుకొని క్రిందినుండి మేడకు పోవునప్పుడు మనము మరల కలుపుకొన నక్కరలేదు.

రెండవ పెట్టెను ఎచ్చట నుంచవలెను? చాలమంది వైఫై అందని గదిలోనే పెట్టుదురు. తరగతిలో ఉపాధ్యాయుని మాట వెనుకబల్లకు వినబడనిచో, నడిమిబల్ల బాలుడు విని చెప్పగలడు. వెనుకబల్లవాడే వినలేనప్పుడు ఇతరులకేమి చెప్పగలడు? కావున పెట్టె నడిమిదారిలో, మేడయింటిలోనైతే మెట్లదగ్గర, బల్లయెత్తున ఉండవలెను. ఫోనులో తగిన యాప్ వేసి చూచినచో సంకేతబలము అంకెలలో తెలియును: మైనస్ 50 మిక్కిలి మేలు, మైనస్ 65 చాలును, మైనస్ 80 పనికిరాదు. మొదటి పెట్టెనుండి మైనస్ 65కు తగ్గకుండ అందుచోటే రెండవదానికి తగిన స్థానము.

అమర్చుట కష్టము కాదు. మొదటి పెట్టె ‘వ్యాన్’ రంధ్రమును ఓ.ఎన్.టి.కి తీగతో కలిపి, కంపెనీవారి యాప్‌లో చెప్పినట్లు పేరును, కనీసము 12 అక్షరముల పాస్‌వర్డును పెట్టవలెను. ఇచ్చట ఒక చిక్కు కలదు. ఓ.ఎన్.టి. కూడ చాలచోట్ల రూటరే. రెండు రూటర్లు ఒకదాని వెనుక నొకటి పనిచేసినచో కొన్ని ఆటలును, ఇంటి కెమెరాలును సరిగా నడువవు. కావున మెష్‌ను ‘యాక్సెస్ పాయింటు’ పద్ధతికి మార్చి, ఓ.ఎన్.టి. తన వైఫైని ఆపివేయవలెను. ఆపనిచో ఫోను పాత పేరునే పట్టుకొని వ్రేలాడును.

వీలైనంతవరకు పెట్టెల నడుమ తీగయే మేలు. తీగలేనప్పుడు ఒకే రేడియోతో వార్తను అందుకొనుట, పంపుట రెండును జరుగును గనుక వేగము ఇంచుమించు సగమగును. ఇల్లు కట్టునప్పుడే కరెంటు పైపులకు వేరుగా మరియొక పైపు వేయించి దానిలో క్యాట్ 6 తీగ లాగించుట అల్పవ్యయముతో నగును. కొన్ని చౌక పెట్టెల రంధ్రములు 100 మెగాబిట్లకంటె ఎక్కువ నీయవు. 300 ప్లాను గలవారు కొనునప్పుడే ‘గిగాబిట్’ అని వ్రాసియున్నదా యని చూడవలెను. వేర్వేరు కంపెనీల పెట్టెలు తరచుగా ఒకదానితో నొకటి కలియవనియు గుర్తుంచుకొనవలెను.

బాలబాలికలారా, సెలవులలో మీ యింటి పటము గీసి, గదిగదికి తిరిగి సంకేతబలపు అంకెలను అందులో వ్రాయుడు. బీరువా తలుపు ముందొకసారి, వెనుక నొకసారి కొలువుడు. కరెంటు పోయినప్పుడు ఓ.ఎన్.టి.కిని మెష్ పెట్టెలన్నిటికిని బ్యాటరీ ఉండవలెను. ఒక్కదానికే ఉన్న చాలదు. చిన్న యూపీఎస్ కొనువారు అడాప్టరుపై 12 వోల్టులా, 9 వోల్టులా అన్నది చదివి, దానికి సరియైనదే తెచ్చుకొందురు గాక.