కాలి బొటనవేలు పట్టుకుంటే చాలు

మన డోర్నకల్ జంక్షన్లో కొత్తగూడెం బండి కోసం కూర్చున్నప్పుడు, ఇక్కడ ఆగని ఎక్స్‌ప్రెస్ కూత పెట్టుకుంటూ దూసుకుపోతుంది చూడు. గుండె గుభేలుమంటుంది. కాలు దానంతటదే వెనక్కి పడుతుంది, చెయ్యి పక్కనున్న పిల్లాడి జబ్బ పట్టేస్తుంది. ‘బండే కదా’ అని తోచేది ఆ తర్వాతే.

జోసెఫ్ లెడూ అనే అమెరికా శాస్త్రవేత్త ఎలుకల మీద ఏళ్ల తరబడి పరిశోధించి ఈ ముందువెనకల గుట్టు చెప్పాడు. చప్పుడు మెదడులో రెండు దారుల్లో పోతుందట. అడ్డదారి నేరుగా అమిగ్డాలాకు వెళ్తుంది. కణతల లోపల లోతున, అటొకటి ఇటొకటి, బాదం పలుకు ఆకారంలో ఉంటుందది. చుట్టుదారి మెదడు పైపొర దాకా వెళ్లి, ఆ చప్పుడేమిటో పోల్చుకుని వస్తుంది. అందుకే వణుకు ముందు, తెలివిడి వెనక. ‘నేనింత పిరికిదాన్నేంటి’ అని నిన్ను నువ్వు తిట్టుకోకు తల్లీ!

మనుషుల్లో ఇదంతా చూడటానికి ఎమ్మారై అక్కరకొచ్చింది. మెదడులో ఏ భాగం పనిలో పడితే అక్కడికి నెత్తురు ఎక్కువ పారుతుంది, ఆ తేడా బొమ్మలో తేలుతుంది.

భయాన్ని పట్టిచ్చిన ఆ మిషనంటేనే నాకు భయం. నడుం నొప్పికని ఖమ్మంలో స్కానింగు రాశారు. పుస్తెలతాడు, మట్టెలు, రవికె పిన్నీసులు అన్నీ తీసి మా చెల్లి చేతిలో పెట్టాను. గుండ్రటి సొరంగంలోకి నెట్టగానే ఊపిరాడనట్టయింది. ఆపైన ఇనుప రేకు మీద సుత్తితో బాదినట్టు ఒకటే మోత. అడిగితే మా చెల్లిని లోపలికి రానిచ్చారు. తనూ నగలన్నీ బయటే వదిలేసి వచ్చి, నా కాలి బొటనవేలు పట్టుకుని నిలబడింది. ఆ వేలి మీదే ధ్యాస పెట్టి పడుకున్నాను. ఊపిరి కుదుటపడింది.

తర్వాత చదివాను. 2006లో జేమ్స్ కోన్ బృందం పదహారు మంది పెళ్లైన ఆడవాళ్లను ఎమ్మారైలో పడుకోబెట్టి, కరెంటు షాకు తగలొచ్చని చెప్పి చూసింది. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో ఆ కంగారు బాగా తగ్గింది. ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికీ కొంత తగ్గింది. మరి తోడబుట్టినదాని చేతికి తగ్గదా చెప్పు!

నీకు స్కానింగు రాస్తే తోడు రానిస్తారేమో ముందే అడుగు. వచ్చేవాళ్లనూ గాజులు, పిన్నీసులు ఇంట్లోనే పెట్టి రమ్మను.