సీటు వదలొద్దు, సెలవు పెట్టండి

పీహెచ్‌డీలో చేరేనాటికి చాలామంది అమ్మాయిలకు ఇరవై మూడు, ఇరవై అయిదేళ్లు ఉంటాయి. పెళ్లి, తొలి కాన్పు, థీసిస్, నెట్, మొదటి ఉద్యోగం అన్నీ ఆ తర్వాతి ఆరేడేళ్లలోనే ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ‘అన్నీ చక్కబెట్టుకోవడం నీ చేతుల్లోనే ఉందమ్మా’ అనేవాళ్లకు కొదవ లేదు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం యూనివర్సిటీ నిబంధనల్లో ఉంటుంది. దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. బిడ్డ పుట్టాక రీసెర్చ్ వదిలేసిన వారిలో చాలామంది పని చేయలేక వదల్లేదనీ, వేళకు ఒక దరఖాస్తు పెట్టకపోవడం వల్లే సీటు పోగొట్టుకున్నారనీ నాకనిపిస్తుంది.

యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం కోర్సు గడువు కనిష్ఠం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు వస్తాయి. మహిళలకు దానిపైన ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. అంటే మొత్తం పదేళ్లు. ఇది కాక మొత్తం పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి సెలవు లేదా శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చు. ఇక్కడే లెక్క జాగ్రత్తగా వేసుకోవాలి. ఏడో నెలలో శ్రీమంతం అయ్యాక పుట్టింటికి వెళ్లి, బిడ్డకు అన్నప్రాసన చేసి తిరిగొద్దామనుకుంటే ఆ 240 రోజులూ ఒక్క కాన్పుకే చెల్లిపోతాయి. తర్వాత బిడ్డకు జ్వరమొచ్చినా, రెండో కాన్పు వచ్చినా చేతిలో ఏమీ మిగలదు. ఒంట్లో బాగుండి, ఇంటి నుంచే రాసుకోగల దశలో ఉంటే కొన్ని రోజులు వెనక్కి దాచుకోవడం మంచిది. ఇంకో సంగతి. సెలవు వేరు, సెలవులో ఫెలోషిప్ డబ్బు వేరు. డబ్బు ఎన్ని రోజులకు వస్తుందో ఫెలోషిప్ ఇచ్చే సంస్థ నియమాల్లో ఉంటుంది. ఆ రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి.

దరఖాస్తు నోటిమాటగా కాదు, కాగితం మీదే ఉండాలి. గైడ్ మంచివారే కావచ్చు, ‘ఏం పర్లేదమ్మా, వెళ్లిరా’ అని పంపవచ్చు. కానీ ప్రతి సెమిస్టర్‌లోనూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రగతి చూపించాలి. రికార్డులో సెలవు లేకపోతే మీరు లేని ఆ సెమిస్టర్ ‘ప్రగతి లేదు’ అన్న ఖాతాలో పడుతుంది. గైడ్ సంతకంతో దరఖాస్తు పెట్టండి, మంజూరు ఉత్తర్వు తీసుకోండి, తిరిగొచ్చిన రోజు జాయినింగ్ రిపోర్ట్ ఇవ్వండి. మూడింటి నకళ్లూ దాచుకోండి.

మూడో నెల దాటేదాకా గర్భం సంగతి బయటికి చెప్పకూడదన్న పట్టింపు మన ఇళ్లలో ఉంది. తెలుగు సాహిత్యంలోనో ఎకనామిక్స్‌లోనో పరిశోధన చేసేవారికి దానివల్ల నష్టమేమీ లేదు. రసాయన ద్రావకాలతో, రేడియేషన్‌తో పనిచేసే ల్యాబ్‌లో ఉన్నవాళ్లు మాత్రం తెలిసిన వెంటనే గైడ్‌కు చెప్పాలి. బిడ్డకు అపాయం ఎక్కువగా ఉండేది ఆ తొలి నెలల్లోనే. ప్రయోగాలు పక్కన పెట్టి డేటా విశ్లేషణ, రివ్యూ పేపర్, థీసిస్ తొలి అధ్యాయాలు ఆ నెలల్లోకి జరుపుకోవచ్చు.

పెళ్లయి ఊరు మారితే? వరంగల్‌లో చేరిన అమ్మాయి అత్తవారిల్లు విశాఖపట్నంలో ఉంటే సీటు పోయినట్టేనని చాలామంది అనుకుంటారు. వివాహం వల్ల గానీ మరో కారణం వల్ల గానీ వేరే చోటికి వెళ్లే మహిళా స్కాలర్ తన రీసెర్చ్ డేటాను కొత్త సంస్థకు తీసుకెళ్లడానికి అవే 2022 నిబంధనలు షరతులతో వీలిచ్చాయి. మీ పని పాత సంస్థకు నిధులొచ్చిన ప్రాజెక్టులో భాగం కాకూడదన్నది అందులో ముఖ్యమైన షరతు. అందుకే చేరేటప్పుడే ప్రాజెక్టు ఫెలోగానా, సొంత ఫెలోషిప్‌తోనా అన్నది చూసుకోవాలి. పెళ్లిచూపుల్లో ఇవన్నీ ఎవరు మాట్లాడతారంటారా? జీతం ఎంతని అడిగేవాళ్లను థీసిస్ ఎప్పటికి పూర్తవుతుందో కూడా అడగనివ్వండి.

ఇప్పుడు పీజీ చదువుతున్నవారికి నా సలహా ఒక్కటే: నెట్, సెట్ ముందు రాసేయండి. 2023 సవరణ తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్, సెట్, స్లెట్‌లలో ఒకటి కనీస అర్హత. పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్‌కు వయసు పరిమితి 30 ఏళ్లు, మహిళలకు మరో అయిదేళ్ల సడలింపు ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు పరీక్ష రాయడానికి వయసు అడ్డు లేదు, ఒకసారి వచ్చిన అర్హత పోదు. అదే నెట్ స్కోరుతో పీహెచ్‌డీ సీటు కోసం ప్రయత్నిస్తే మాత్రం అది ఏడాదే చెల్లుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహించే టీజీ సెట్‌కూ, ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించే ఏపీ సెట్‌కూ తెలుగులో చదివినవారు ఎందుకో వెనకాడతారు. ఆ జంకు అక్కర్లేదు. సొంత రాష్ట్రంలో ఉద్యోగం చాలనుకునేవారికి సెట్ సరిపోతుంది.

ఉద్యోగంలో చేరాక అసలు చిక్కు మొదలవుతుంది. రెగ్యులర్ పోస్టు వచ్చేదాకా ఎక్కువమంది కాంట్రాక్ట్ లెక్చరర్లుగానో గెస్ట్ ఫ్యాకల్టీగానో ఉంటారు. కాన్పు అనగానే ‘వచ్చే ఏడాది చూద్దాం’ అన్న జవాబు వస్తుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టం 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకు జీతంతో కూడిన సెలవు 12 నుంచి 26 వారాలకు పెరిగింది. కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. కాంట్రాక్ట్ గడువు ముగిసినా ఆ ప్రయోజనం ఆగదని 2023లో డాక్టర్ కవితా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. యాజమాన్యానికి రాసే దరఖాస్తులో ఆ తీర్పును ఒక్క వాక్యంలో ప్రస్తావిస్తే చాలు, జవాబిచ్చే తీరు మారవచ్చు. అమెరికా వెళ్లాలనుకునేవారు ఒకటి గమనించాలి. అక్కడి ఫెడరల్ చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, ఏడాది సర్వీసు నిండాక. ఐరోపాలో పరిస్థితి నయం. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ గ్రాంట్లకు దరఖాస్తు చేసే తల్లులకు బిడ్డకు 18 నెలల చొప్పున అర్హత గడువు పొడిగిస్తారు.

ఇన్ని నిబంధనలున్నా, బిడ్డను ఎవరు చూస్తారన్న ప్రశ్నకు అవి జవాబు చెప్పవు. దేశంలో తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత మన తెలుగింటి ఆడపడుచే. పదిహేనేళ్లకు పెళ్లి. 1937లో భర్త పోయేనాటికి చేతిలో నాలుగు నెలల కూతురు. తండ్రి ప్రొఫెసర్‌గా ఉన్న గిండీ ఇంజినీరింగ్ కాలేజీలోనే ఎలక్ట్రికల్ చదివారు. తర్వాత సిమ్లాలో ఉద్యోగం ఎంచుకోవడానికి అక్కడ అన్నగారి కుటుంబం ఉండటం ఒక కారణం. కలకత్తాలోనూ సోదరుడి ఇంటి అండతోనే ఏఈఐ కంపెనీలో పనిచేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లారు. ఆమె పట్టుదల గురించి అందరూ చెబుతారు. నన్నడిగితే అంతకంటే నేర్చుకోవాల్సింది ఆమె ఉద్యోగాలు ఎంచుకున్న తీరు. బిడ్డను చూసే మనుషులు ఎక్కడున్నారో ముందు చూసి, ఆ ఊళ్లో పని వెతుక్కున్నారు. పోస్టింగ్ ఎంచుకునే వీలున్నప్పుడు మీరూ హోదా కంటే ముందు ఈ లెక్క చూసుకోండి. ఈ భారం అమ్మ మీదా అత్తగారి మీదా మాత్రమే వేయకుండా, భర్త వారంలో ఏ పూటలు ఇంట్లో ఉంటాడో పేరుపెట్టి రాసుకోండి. ‘సాయం చేస్తాలే’ అన్న మాటను టైమ్‌టేబుల్‌లో పెట్టలేం.

ఇప్పటికే నాలుగైదేళ్లు విరామం వచ్చినవారికి దారి మూసుకుపోలేదు. సైన్స్ చదివినవారి కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ‘వైజ్-కిరణ్’ కింద పీహెచ్‌డీ, పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్‌లు ఇస్తోంది. మేధోసంపత్తి హక్కుల్లో ఏడాది శిక్షణ కూడా ఉంది. మళ్లీ ల్యాబ్‌లో నిలబడే ఓపిక లేనివారికి పేటెంట్ల పని బాగా నప్పుతుంది. బయోటెక్నాలజీ విభాగం తెచ్చిన ‘బయోకేర్’ కూడా ఇలాంటివారి కోసమే. నోటిఫికేషన్లు ఏడాది పొడవునా ఉండవు కాబట్టి ఆ విభాగాల వెబ్‌సైట్లు అప్పుడప్పుడు చూస్తుండాలి.

బయోడేటాలో ఆ ఏళ్లను ఖాళీగా వదలకండి. ‘2020–2024: మాతృత్వ విరామం’ అని ఒక్క వరుస రాసి, ఆ కాలంలో చేసిన అనువాదమో, ఆన్‌లైన్ కోర్సో, రాసిన వ్యాసమో దాని కింద చేర్చండి. ఇంటర్వ్యూలో అడిగితే క్షమాపణ చెప్పే గొంతుతో జవాబివ్వకుండా, ఆ ఒక్క వరుస చదివినట్టే చెప్పి మీ పరిశోధన సంగతిలోకి వెళ్లిపోండి.