ఒక ఎకరం, ఎనిమిది ట్యాంకర్లు



ఈ నెల ఎనిమిదో తరగతిలో వ్యవసాయం పాఠం నడుస్తోంది. నేల, నీటి సంరక్షణ పద్ధతులు రాయమంటే పిల్లలు గడగడా రాసేస్తారు: గట్లు వేయడం, చెట్లు పెంచడం, డ్రిప్ వాడడం. మార్కులూ పడతాయి. కానీ "పొలం గట్టు దేన్ని ఆపుతుంది?" అని అడిగితే సగం క్లాసు నీళ్లను అంది, సగం క్లాసు మట్టిని అంది. ఆ రెండూ వేర్వేరు పనులు కావన్నదే ఈ పాఠంలోని అసలు సంగతి.

ముందు ఒక చిన్న లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. ఎకరం దాదాపు 4,047 చదరపు మీటర్లు. కాబట్టి ఒక్క సెంటీమీటరు వానకు ఎకరం మీద 40 వేల లీటర్లకు పైగా పడుతుంది. ఎండాకాలం మన అపార్ట్‌మెంట్లకు తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకర్లయితే ఎనిమిది! కరువు జిల్లా అనగానే గుర్తొచ్చే అనంతపురంలో కూడా ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఎకరానికి 440కి పైగా ట్యాంకర్లు. చిక్కేమిటంటే, ఆ వాన ఏడాదంతా నెమ్మదిగా కురవదు. కొద్ది రోజుల్లోనే దంచి కొట్టి వెళ్లిపోతుంది.

మరి ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నాయి? గట్టి చినుకు ఖాళీ నేలను తాకినప్పుడు మట్టి గడ్డ చిట్లుతుంది. ఆ సన్నటి రేణువులు నేలలోని రంధ్రాలను పూడ్చేసి, పైన ఒక పొరలా బిగుస్తాయి. మన ఎర్ర నేలల్లో, తెలంగాణ చల్కా భూముల్లో ఇది బాగా కనిపిస్తుంది. అప్పుడు నీరు లోపలికి ఇంకదు, వాలు వెంట పరుగెడుతుంది. పోతూ పోతూ పై మట్టిని తీసుకుపోతుంది. ఎరువు, సేంద్రియ పదార్థం ఉండేది ఆ పై పొరలోనే. అది తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. మట్టి పలచబడితే వచ్చే ఏడాది వానను పట్టి ఉంచే శక్తి ఇంకా తగ్గుతుంది. నష్టం ఏటేటా పెరిగేది ఇందుకే.

దీన్ని ఇంట్లోనే చూపించవచ్చు. రెండు లీటరు బాటిళ్లను పక్కకు పడుకోబెట్టి పైభాగం కత్తిరించండి. (కత్తిరించే పని మీరే చేయండి, పిల్లలకు ఇవ్వకండి.) రెండింట్లో ఒకే మట్టి నింపండి. ఒకదాని మీద ఎండుటాకులో, వేరుశనగ పొట్టో పరచండి. మూతి కాస్త కిందికి వంచి, దాని కింద గ్లాసు పెట్టి, రెండింటిమీదా అర లీటరు చొప్పున నీళ్లు చల్లండి. ఖాళీ మట్టి నుంచి నీరు త్వరగా, టీ రంగులో వస్తుంది. ఆకులున్న దాన్నుంచి ఆలస్యంగా, తక్కువగా, తేటగా వస్తుంది. రైతులు మల్చింగ్ అనేది ఇదే. వాలుకు అడ్డంగా దున్నడం, కందకాలు తవ్వడం, పంట కుంట తీయడం కూడా పరుగెత్తే నీటిని నడిపించి, నడిచే నీటిని నిలబెట్టే పనులే.

పెద్ద ఎత్తున చేస్తే ఏమవుతుందో శంకర్‌పల్లి దగ్గరి కొత్తపల్లిలో చూడవచ్చు. 1999లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, ఊరివాళ్లు కలిసి అక్కడ చెక్ డ్యాములు, గట్లు కట్టారు. గట్ల మీద గ్లైరిసీడియా నాటారు. దాని వేళ్లు గట్టును పట్టుకుంటాయి, ఆకు పొలానికి ఎరువవుతుంది. తర్వాత బావుల్లో నీటిమట్టం పెరిగింది. అప్పటికే కొట్టుకుపోయిన మట్టిని వెనక్కి తెచ్చే పద్ధతి కూడా మన పెద్దలకు తెలుసు. వేసవిలో చెరువు పూడిక తీసి బండ్లమీద పొలాలకు తోలేవారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ట్రాక్టర్లతో జరిగిందీ అదే. నాకైతే ఈ పాఠం మొత్తంలో బాగా నచ్చే ఉదాహరణ ఇది.

ఇక టెక్స్ట్‌బుక్‌లో లేని ఒక మాట. మనలో చాలామందికి ఊళ్లో ఎకరమో రెండెకరాలో ఉంటుంది, దాన్ని కౌలుకిచ్చి ఉంటాం. కౌలు చాలాచోట్ల నోటిమాట మీద, ఏడాదికే. గట్టు వేస్తే, పూడిక మట్టి తోలిస్తే ఫలితం మూడు నాలుగేళ్లు వస్తుంది. వచ్చే ఏడు ఆ పొలం తనకే ఉంటుందో లేదో తెలియని మనిషి దానికి డబ్బెందుకు పెడతాడు? ఆయన్ని తప్పుపట్టలేం. ఆ ఖర్చు భూమి ఉన్నవాళ్లే పెట్టుకోవాలి, లేదా కౌలు నాలుగైదేళ్లకు రాసివ్వాలని నా అభిప్రాయం.

దసరా సెలవులకు ఊరెళ్తే పిల్లల్ని పొలం చుట్టూ ఒకసారి నడిపించండి. గట్టు ఎక్కడ తెగిందో, వాన నీరు ఏ మూల నుంచి బయటికి పోతోందో బొమ్మ గీయమనండి. కౌలు చేసే తాతనో బాబాయినో అడిగి, గట్టు చివరిసారి ఎప్పుడు వేశారో రాసుకోమనండి. సొంత పొలం లేనివాళ్లు మన స్కూల్ గ్రౌండ్ వాలు గీయవచ్చు. ప్రాజెక్ట్ నోట్‌బుక్‌లో ఇందుకోసం ఒక పేజీ వదిలాం. దీనికి మార్కులు లేవు.