లక్కపిడతలు

ప్రవేశిక : ఆటబొమ్మ చిన్న వస్తువే. కాని దాని వెనుక ఒక చెట్టు, ఒక పనివాని నేర్పు, ఒక భాష ఉంటాయి. పసిపిల్లలకు ఎలాంటి బొమ్మలు ఇవ్వాలో, వాటిని ఎలా సమకూర్చుకోవాలో ఈ పాఠంలో తెలుసుకొందాం.

పసిపిల్లలున్న ఇంటికి వట్టి చేతులతో వెళ్ళకూడదని మన పెద్దలు అంటారు. పండో, మిఠాయో, బొమ్మో పట్టుకొని వెళతాం. పండు కొనడం సులభం. బొమ్మ కొనడమే కష్టం. ఒక బొమ్మ మీట నొక్కగానే గంతులు వేస్తుంది. మరొకటి పాట పాడుతుంది. ధర ఎక్కువైనదే మంచిదనుకొని కొని తెస్తాం. పాప రెండు రోజులు వింతగా చూస్తుంది. మూడవనాడు దానిని మూలన పడవేసి, వంటగదిలోని గిన్నెను, గరిటెను తెచ్చుకొని మోగిస్తూ కూర్చుంటుంది. "ఇంత డబ్బు పోసి కొంటే దీనికి అక్కరలేదు" అని పెద్దలు విసుక్కొంటారు.

తప్పు పాపది కాదు. ఆ బొమ్మ తానే ఆడుతుంది, తానే పాడుతుంది. పాప చేయడానికి అందులో పని ఏమీ మిగలలేదు. గరిటె అలా కాదు. పాప కొడితేనే మోగుతుంది. పిల్లల చేతికీ, ఊహకూ పని కల్పించేదే మంచి బొమ్మ.

బొమ్మ విలువను ధరతో కొలిచే అలవాటు ఈనాటిది కాదు. శూద్రకుడు సంస్కృతంలో రచించిన మృచ్ఛకటికం నాటకానికి ఆ పేరు ఒక ఆటబొమ్మను బట్టి వచ్చింది. మృచ్ఛకటికం అంటే మట్టిబండి. చారుదత్తుడు దానధర్మాలు చేసి పేదవాడైనాడు. అతని కొడుకు రోహసేనుడు ప్రక్కింటి పిల్లవాని బంగారుబండితో ఆడుకొన్నాడు. ఆ పిల్లవాడు తన బండిని తీసుకొని పోగా, దాసి రదనిక మట్టితో బండి చేసి ఇచ్చింది. అది తనకు వద్దని, బంగారుబండే కావాలని ఆ పసివాడు ఏడ్చాడు. వసంతసేన జాలిపడి తన నగలను ఆ మట్టిబండిలో ఉంచి, బంగారుబండి చేయించుకొమ్మన్నది. తరువాత ఆ నగలే చారుదత్తుని నేరస్థునిగా చూపే సాక్ష్యమైనాయి. మట్టిబండిలో లోపమేమీ లేదు. ప్రక్కవాని బండితో పోల్చుకోగానే అది ఆ పసివానికి అల్పమైపోయింది. ఇటువంటి రోహసేనులు నేడు మన ఇండ్లలోనూ ఉన్నారు.

వయసునుబట్టి ఆట మారుతుంది. ఆరేడు నెలల బిడ్డకు గిలక చాలు. తాను ఊపితే చప్పుడు వస్తుందని బిడ్డ మొదట తెలుసుకొనేది దానితోనే. తప్పటడుగులు వేసే బిడ్డకు మూడు చక్రాల నడకబండి తోడు. అయిదారేళ్ళ పిల్లలు తామే బొమ్మ చేసుకోగలరు. వేసవిలో ముంజెలు తిన్న తరువాత మిగిలిన తాటికాయలు రెండు తీసుకొని, వాటిని ఒక కర్రపుల్లతో ఇరుసువలె కలిపి, పొడవైన పంగలకర్రతో నెట్టుకొంటూ పోతే అదే బండి. తాటాకు ముక్కలు రెండింటిని అడ్డంగా కలిపి, నడుమ ముల్లు గుచ్చి పుల్లకు తగిలిస్తే అదే గాలిగిరక. గాలికి ఎదురుగా పరుగెత్తితే అది గిరగిర తిరుగుతుంది. కాయకు తొలిచేటప్పుడు, ముల్లు గుచ్చేటప్పుడు మాత్రం పెద్దలు దగ్గర ఉండాలి.

మూడు, నాలుగేళ్ళ పిల్లలకు వంటాట మీద మక్కువ. అమ్మ చేసే పనులన్నీ తామూ చేయాలనుకొంటారు. ఇందుకు మనవారు చేసిన ముచ్చటైన బొమ్మలే లక్కపిడతలు. పిడత అంటే చిన్న కుండ. అరచేతిలో ఇమిడే కుండలు, మూకుళ్ళు, తిరుగలి, రోలు, రోకలి, చెంబు, పొయ్యి అన్నీ అందులో ఉంటాయి. ఇసుకే బియ్యం. ఆకులే కూర. వచ్చిన చుట్టాలకు విస్తళ్ళు వేయాలి, కొసరి కొసరి వడ్డించాలి. "ఇంకొంచెం వేసుకో వదినా!" అని నాలుగేళ్ళ పాప మర్యాద నేర్చుకొనేది ఇక్కడే. లెక్క, వరుస, పంచుకోవడం, పెద్దల మాటతీరు అన్నీ ఆ ఆటలోనే అబ్బుతాయి.

ఈ బొమ్మలకు ఆంధ్రప్రదేశ్‌లో అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక పేరుపొందింది. ఈ గ్రామం వరాహనది ఒడ్డున ఉంది. ఇక్కడి పనివారు అంకుడు కర్రను ఆరబెట్టి, తరిమెన మీద త్రిప్పుతూ ఉలితో చెక్కుతారు. లక్కపురుగులు చెట్ల కొమ్మలపై స్రవించే పదార్థమే లక్క. దానిని వేడిచేసి, రంగు కలిపి కడ్డీలుగా చేస్తారు. తిరుగుతున్న బొమ్మకు ఆ కడ్డీని ఒత్తి పట్టుకొంటారు. రాపిడివల్ల పుట్టిన వేడికి లక్క కరగి కొయ్యకు పట్టుకొంటుంది. మొగలి ఆకుతో రుద్దగానే బొమ్మ నిగనిగలాడుతుంది. పసుపు, నీలిమందు, జాఫరా గింజలు వంటివాటినుండి రంగులు తీస్తారు. ఈ ప్రకృతిసిద్ధమైన రంగుల వాడకానికి తిరిగి ప్రాణం పోసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఇక బెంగుళూరు నుండి మైసూరు వెళ్ళే దారిలో ఉన్న చన్నపట్టణం చూడండి. కన్నడిగులు దానిని 'గొంబెగళ ఊరు' అంటారు. బొమ్మల ఊరు అని అర్థం. అక్కడా ఇదే లక్కపని. ఏటికొప్పాకవారి అంకుడు చెట్టునే అక్కడివారు 'ఆలె మర' అంటారు. చెట్టు ఒక్కటే, పేర్లు రెండు.

ఆట కూడా అంతే. మన లక్కపిడతల వంటివాటినే తమిళులు 'చొప్పు సామాన్' అంటారు. మరాఠీ పిల్లలు ఆడే వంటాట 'భాతుకలీ'. మహారాష్ట్రలోని సావంత్‌వాడిలో కొయ్యబొమ్మలు చేస్తారు. ఒడిశాలోని బాలేశ్వర్ ప్రాంతంలో మట్టిబొమ్మలకు లక్క పూసి 'జౌ కండెయి' అంటారు. మన వామనగుంటలు తమిళనాడులో పల్లాంగుళి, కర్ణాటకలో అళిగుళి మణె.

తెలుగునేలకు వెలుపల పుట్టి పెరుగుతున్న మీకు ఇందులో ఒక సౌకర్యం, ఒక బాధ్యత ఉన్నాయి. ప్రక్కింటి పిల్లలతో ఆడుకోవడానికి దుబాసీ అక్కరలేదు. ఒకరు కుండ అందిస్తే మరొకరు పొయ్యిమీద పెడతారు. ఇది సౌకర్యం. వారి ఆటపేర్లను నేర్చుకోండి. మీ పేర్లను వారికి నేర్పండి. కాని మీ ఇంట్లో తమ్మునికి, చెల్లెలికి ఆ వస్తువులను తెలుగులో చూపేవారు మీరే. మూకుడు, తిరుగలి, చేట, జల్లెడ అనే మాటలను బడికంటె ముందు పిల్లలకు నేర్పేది ఈ ఆటే. ఆ పెట్టె మొత్తాన్ని 'కిచెన్ సెట్' అని ఊరుకొంటే ఒక్క మాట వచ్చి ఇరవై మాటలు పోతాయి. ఇది బాధ్యత.

బొమ్మ ఏదైనా ఎన్నుకొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. మూడేళ్ళలోపు పిల్లలకు నోటిలో పట్టేంత చిన్న బొమ్మలు ఇవ్వరాదు. అంచులు గరుకుగా ఉండరాదు, రంగు ఊడిరాకూడదు. బిళ్ళ బ్యాటరీ ఉన్న బొమ్మ అయితే దాని మూతకు మర బిగించి ఉండాలి. ఆ బిళ్ళను మింగితే ప్రాణాపాయం. మనదేశంలో 2021 జనవరి 1 నుండి కర్మాగారాలలో తయారయ్యే బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. పాప ఇసుక వడ్డించినప్పుడు తినేవారు ఉండాలి. "కూరలో ఉప్పు తగ్గిందమ్మా!" అని అనేవారు ఉండాలి. ఆ మాట అనడానికి ఖర్చేమీ కాదు; కాస్త సమయం ఉంటే చాలు.

కొత్త మాటలు - అర్థాలు
అక్కర = అవసరం
ఇరుసు = చక్రాలను కలిపే కడ్డీ
పంగలకర్ర = చివర రెండుగా చీలిన కర్ర
మక్కువ = ఇష్టం
తరిమెన = కొయ్యను త్రిప్పుతూ చెక్కే సాధనం
దుబాసీ = ఒక భాషలోని మాటను మరొక భాషలో చెప్పేవాడు

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు రెండేసి వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. పాప ఖరీదైన బొమ్మను ఎందుకు మూలన పడవేసింది?
2. రోహసేనుడు ఎందుకు ఏడ్చాడు?
3. లక్క కొయ్యకు ఎలా పట్టుకొంటుంది?

II. క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. వంటాటవల్ల పిల్లలు ఏమేమి నేర్చుకొంటారు?
2. "ఒక్క మాట వచ్చి ఇరవై మాటలు పోతాయి." ఈ వాక్యాన్ని వివరించండి.

III. సంధి విడదీసి, పేరు వ్రాయండి.
ముచ్చటైన, పేదవాడైనాడు, ప్రాణాపాయం

IV. విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెలపండి.
మట్టిబండి, మూడు చక్రాలు, దానధర్మాలు

V. చేయండి.
మీ అమ్మమ్మనో, నాయనమ్మనో అడిగి పాతకాలపు వంటసామాను పేర్లు ఇరవై సేకరించండి. మీ ఊరి భాషలో వాటి పేర్లను ప్రక్కన వ్రాయండి. వాటిలో అయిదింటిని బంకమట్టితో చేసి తరగతిలో ప్రదర్శించండి.