ఆపరేషన్ తరువాతి రోజులు: వీపు వంకర సరిచేయించుకున్న పిల్లల ఇంటి సంగతి

మా అమ్మాయి వీపు ఆపరేషన్‌కు సహాయం చేసిన దాతలు మార్కెట్‌లో కనబడితే ఇప్పటికీ ఒకటే అడుగుతారు: "ఆపరేషన్ సక్సెస్ అయింది కదా మాస్టారూ, ఇంకేం బాధ?" అయింది, అల్హమ్దులిల్లాహ్. కానీ అసలు కష్టం డిశ్చార్జ్ కాగితం చేతికొచ్చిన తరువాతే మొదలైంది. ఆ సంగతి వివరంగా రాయమని సొసైటీ పెద్దలు కోరితే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను డాక్టరును కాను, బడిపంతులును. డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, ఇంట్లో పడి నేర్చుకున్నది మాత్రమే ఇక్కడ చెబుతాను.

ముందు జబ్బు గురించి. వెన్నెముక పక్కకు వంగి, దానితోపాటు కొంచెం మెలి తిరగడాన్ని స్కోలియోసిస్ అంటారు. ఇది గూని కాదు. గూనిలో వెన్ను ముందుకు వంగుతుంది. ఎక్స్‌రే మీద గీతలు గీసి కోణం కొలుస్తారు, దాన్ని కాబ్ కోణం అంటారు. 10 డిగ్రీలు దాటితేనే జబ్బు కింద లెక్క. ఎదిగే వయసు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఆ మాత్రం వంకర ఉంటుంది, ఎక్కువమందికి వైద్యమే అక్కరలేదు. పెద్ద వంకరలు మాత్రం ఆడపిల్లల్లోనే ఎక్కువ. ఇంకా ఎదుగుతున్న పిల్లలకు సుమారు 25 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే నడుముకు బ్రేస్ కడతారు. 45, 50 దాటి పెరుగుతూ పోతే ఆపరేషన్ మాట వస్తుంది. టీనేజీలో వచ్చే ఈ రకానికి కారణం ఇప్పటికీ తేలలేదు. పుస్తకాల సంచి బరువు వల్ల కాదు, వంకరగా కూర్చోవడం వల్ల కాదు, దిష్టి వల్ల అసలే కాదు. ఈ మాట మా చుట్టాలకు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

మా ఇంట్లో ఇది బయటపడింది రంజాన్ నెలలో. ఆడవాళ్లు ఇంట్లో తరావీహ్ చదువుతుంటే, వెనక సఫ్‌లో ఉన్న మా అక్క, అమ్మాయి రుకూలోకి వంగినప్పుడు వీపు కుడిపక్క ఎత్తుగా లేవడం చూసింది. తరువాత తెలిసింది, డాక్టర్లు చేసే మొదటి పరీక్ష కూడా అదేనని. మోకాళ్లు వంచకుండా, రెండు చేతులు కలిపి ముందుకు వంగమని వెనకనుంచి చూస్తారు. ఆడమ్స్ పరీక్ష అని దాని పేరు. పదేళ్లు దాటిన పిల్లలున్న ప్రతి ఇంట్లో అరనిమిషంలో చేసుకోవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వైద్య బృందాలు వస్తాయి, వాళ్లకు కూడా చూపించవచ్చు. మేము చూసేసరికే మాకు 58 డిగ్రీలు.

ఆపరేషన్‌లో వెన్నుపూసలకు స్క్రూలు బిగించి, రెండు పక్కలా లోహపు కడ్డీలు అమర్చి వంకర సరిచేస్తారు. తరువాత ఎముక పొడి వేసి ఆ పూసలన్నీ ఒక్కటిగా అతుక్కునేలా చేస్తారు. అతుకు గట్టిపడడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. కడ్డీ అనేది అంతవరకూ పట్టి ఉంచే గుంజ మాత్రమే. అది మాకెవరూ చెప్పలేదు. కడ్డీ పడింది కాబట్టి పని అయిపోయిందనుకున్నాం.

హైదరాబాదు నుంచి డోన్‌కు రైల్లో పడుకోబెట్టి తెచ్చాం. ఇంటికొచ్చిన మూడో రోజు వాంతులు మొదలు. రెండు ముద్దలు తింటే కడుపు నిండిపోయిందనేది, కాసేపటికి పచ్చగా కక్కేది. నేనేం చేశానో సిగ్గుపడుతూ రాస్తున్నాను. నీరసం వల్ల అనుకుని పాయా కాచి, గదమాయించి తాగించాను. వీధి చివర ఆర్ఎంపీ గ్యాస్ ఇంజెక్షన్ వేశాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు "మందుల వేడి, తగ్గుతుంది" అన్నారు. నాలుగు రోజులు అలా పోగొట్టుకున్నాం. 36 కిలోల పిల్ల 31కి వచ్చింది.

చివరకు కర్నూలులో ఒక పెద్ద డాక్టరు ఆమెను ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి, "ఇప్పుడు కొంచెం హాయిగా ఉందా తల్లీ?" అని అడిగారు. ఉందంది. ఆయన స్కాన్ రాసి, కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మన పొట్టలో చిన్నపేగు మొదటి భాగం రెండు రక్తనాళాల మధ్య సందులోంచి పోతుంది. వంకర వెన్నును నిటారు చేసినప్పుడు మనిషి ఒక్కసారిగా పొడుగవుతుంది, ఆ సందు ఇరుకవుతుంది, పేగు నొక్కుకుపోతుంది. సన్నగా ఉన్న పిల్లల్లో అక్కడ మెత్తలాగా ఉండే కొవ్వు తక్కువ కాబట్టి ప్రమాదం ఎక్కువ. బరువు తగ్గేకొద్దీ సందు ఇంకా ఇరుకవుతుంది. అంటే వాంతులే వాంతులను పెంచుతాయి. పూర్వం పిండికట్టు తొడుగులు వేసే రోజుల్లోనే డాక్టర్లు దీన్ని గుర్తించారట. అరుదైనదే, కానీ ఆపరేషన్ తరువాత వారం పది రోజుల్లో పచ్చ వాంతులైతే మొదట అనుమానించవలసింది దీన్నే. ముక్కులోంచి సన్నటి గొట్టం ఇరుకు దాటించి పన్నెండు రోజులు ఆహారం పంపారు. బరువు పెరిగింది, దారి తెరుచుకుంది. చాలామందికి మళ్లీ కోత అవసరం లేకుండానే ఇలా నయమవుతుందని చెప్పారు.

గాయం గురించీ చెప్పాలి. నెల దాటాక కుట్ల కింది చివర తడి కనిపించింది. మా అమ్మ పసుపు అద్దబోతే ఆపాను. ఎరుపు, చీము, వాసన, జ్వరం, వీటిలో ఏది కనిపించినా గాయం మీద ఏమీ రాయకుండా కోసిన డాక్టరు దగ్గరికే పోవాలి, ఎందుకంటే చీము లోహం దాకా దిగితే మళ్లీ తెరిచి కడగవలసి వస్తుంది. మాది పైపైనే ఉండి మానిపోయింది. కాళ్లు బలహీనపడినా, మూత్రం బంద్ అయినా ఒక్క గంట కూడా ఆగకూడదు. ఏడాది రెండేళ్ల తరువాత తగ్గిన నొప్పి మళ్లీ మొదలైతే, అతుకు పడక కడ్డీ విరిగిందేమో ఎక్స్‌రేలో చూస్తారు.

ఒంటి కష్టం కంటే మనసు కష్టం నాకు ఆలస్యంగా అర్థమైంది. ఒక రాత్రి అమ్మాయి, "అబ్బా, వీపు ముట్టుకుంటే నాది కాదనిపిస్తోంది" అంది. మచ్చ చుట్టూ చర్మం మొద్దుబారడం మామూలేనట. కానీ ఆ మాటలో ఇంకేదో ఉంది. నిద్ర లేదు, స్నేహితురాళ్లు వస్తే తలుపు తీయదు. టెలి మానస్ 14416కు ఫోన్ చేశాం. తెలుగులోనే మాట్లాడారు. మొదటిసారి నేను మాట్లాడాను, రెండోసారి నుంచి ఆమే మాట్లాడింది. బంధువులేమో పెళ్లి గురించి, కాన్పు గురించి వచ్చి ఆమె ముందే గొణిగేవాళ్లు. ఇంగ్లండు రాజకుటుంబంలో యూజీనీ అనే అమ్మాయికి 2002లో, పన్నెండేళ్లకు ఇదే ఆపరేషన్ అయింది. 2018లో పెళ్లినాడు ఆమె మచ్చ కనిపించేలాగే గౌను కుట్టించుకుంది, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఆ ఫోటో చూపించాక మా అక్క నోరు మూతపడింది.

ఇక దాతలకు నా మనవి. ఆపరేషన్‌కు ఇచ్చేవాళ్లు దొరుకుతారు, పేరూ చెప్పుకోవచ్చు. కమోడ్ కుర్చీకి ఇచ్చేవాళ్లు దొరకరు. కానీ వంగకూడని, గొంతుక్కూర్చోకూడని పిల్లకు మన నేల మరుగుదొడ్డి ఎంత నరకమో ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుసు. నొప్పి మాత్రలకు మలబద్ధకం తోడవుతుంది మరి. గొట్టంలో పోసే పొడి డబ్బాలు, డ్రెస్సింగులు, స్పీడ్ బ్రేకర్లు తగలకుండా నెమ్మదిగా నడిపే కారు బాడుగ, తండ్రి పోగొట్టుకునే కూలి, ఇవేవీ ఆసుపత్రి ఎస్టిమేట్‌లో ఉండవు. నాది జీతం కాబట్టి తట్టుకున్నాను. బేతంచెర్ల బండల పాలిష్‌లో రోజుకూలి చేసే తండ్రి అయితే ఆ నాలుగు రోజులు పది రోజులయ్యేవి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించేవారు, తరువాత వచ్చే చిక్కులకు కూడా కార్డు పనిచేస్తుందా అని డిశ్చార్జ్‌కు ముందే ఆరోగ్యమిత్రను అడిగి, డిశ్చార్జ్ కాగితాన్ని తెలుగులో చదివించుకోవాలి. మా కాగితంలో వాంతుల గురించి ఒక లైను ఉందట. ఇంగ్లీషులో, అడుగున.

అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. నమాజు ఏడాదిపాటు కుర్చీలోనే చదివింది, డాక్టరు సరేనన్నాక సజ్దా చేస్తోంది. పొడుగైంది కాబట్టి పాత సల్వార్లన్నీ చెల్లెలికి పోయాయి. మేము కొన్న కమోడ్ కుర్చీ సొసైటీకి ఇచ్చేశాం. ప్రస్తుతం అది తుంటి విరిగిన ఒక పెద్దాయన ఇంట్లో ఉంది, ఆయన తరువాత ఇంకొకరు అడిగి పెట్టుకున్నారు.