గృహకాయకము – మితవ్యయము

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణ దంపతులు ఉండిరి. శరణుల ముంగిళ్ళలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలను వండి జంగమ దాసోహము చేయుట ఆ దంపతుల నిత్యకృత్యము. ఒక దినమున మారయ్య ఎప్పటికంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానికి సంతోషింపలేదు. ఆనాటి అవసరమునకు మించినది తమది కాదనియు, దానిని తెచ్చిన చోటనే విడిచి రావలసినదనియు భర్తకు చెప్పెను. మారయ్య మరలిపోయి అధికముగా నున్న గింజలను అచ్చటనే వదలి వచ్చెను.

ఈ కథను లోభము కూడదను నీతిగా చెప్పుట వాడుక. కాని ఇందు గృహనిర్వహణకు సంబంధించిన పాఠము కూడ ఒకటి కలదు. తన యింటికి దినమునకు ఎంత కావలయునో లక్కమ్మకు తెలియును. కొలత తెలిసియున్నందుననే ఆమె అధికమును చూచిన వెంటనే గుర్తింపగలిగెను. నేటి గృహస్థునకు తన యింట దినమునకు ఎన్ని లీటర్ల నీరు, ఎన్ని యూనిట్ల విద్యుత్తు ఖర్చగుచున్నదో, ఎంత చెత్త బయటకు పోవుచున్నదో చాలవరకు తెలియదు. తెలియని దానిని తగ్గించుట సాధ్యము కాదు. కావున మితవ్యయమునకు మొదటి మెట్టు కొలత.

నీరు వచ్చు దారి, చెత్త పోవు దారి

మల్కాజ్‌గిరి, తార్నాక ప్రాంతములలోని ఒక కుటుంబమును ఉదాహరణగా తీసికొనవచ్చును. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము చెంతనే ఉన్నను, రైలు మార్గమునకు ఆవల ఉన్నను, ఆ యింటి కుళాయికి నీరు దూరము నుండియే రావలెను. 1908 నాటి మూసీ వరదల పిమ్మట నిర్మించిన ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను. నగరము పెరిగిన కొలది అవి చాలక మంజీర, సింగూరు జలములను తెచ్చిరి. అవియు చాలకపోగా కృష్ణా జలము 2004లోను, గోదావరి జలము 2015లోను నగరమునకు చేరెను. ఈ నదుల నీరు వంద కిలోమీటర్లకు పైగా గొట్టములలో ప్రయాణించి, పంపుల బలముచేత ఎత్తునకు ఎక్కి వచ్చును. అందుచేత ఒక బిందె నీరు వృథా చేయుట కొంత విద్యుత్తును కూడ వృథా చేయుటయే.

ఇక చెత్త పోవు దారి. అనేక సంవత్సరములుగా నగరపు చెత్తను మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాలోని జవహర్‌నగర్‌నకు తరలించుచు వచ్చిరి. ఆ గుట్టల నుండి ఊరిన మురుగు రసము అచ్చటి భూగర్భజలమును, మల్కారము చెరువును కలుషితము చేసినది. ఒక యింట వంటగది సంచిలో కట్టి పారవేసిన కూరగాయల తొక్క, అదే జిల్లాలోని మరియొక యింటి బోరునీటిని పాడుచేయుచున్నది. ఇట్టి దుర్వ్యయము గృహస్థుని ధనమును హరించుటతో ఆగక, పొరుగువాని నీటిని కూడ హరించును. దయ ధర్మమునకు మూలమని నమ్మువారు విస్మరింపరాని విషయమిది.

మొదటి నెల: లెక్క మాత్రమే

మార్పు కోరు గృహస్థులు పలువురు ఒకే దినమున సర్వమును మార్చవలెనని పూనుకొందురు. కొత్త వస్తువులు కొందురు, నియమములు విధింతురు. పదునైదు దినములకే విసుగు చెంది మానుదురు. అట్లుగాక మొదటి నెల ఏమియు మార్చకుండ, ఒక పుస్తకమున నాలుగు లెక్కలు మాత్రము వ్రాయవలెను. అవి విద్యుత్ మీటరు అంకె, నీటి మీటరు అంకె, గ్యాస్ సిలిండరు మార్చిన తేదీ, బయటకు పంపిన చెత్త సంచుల సంఖ్య. ఈ పనిని ఇంటి పిల్లలకు అప్పగించినచో వారికి గణితమును, బాధ్యతయు ఒకేసారి అలవడును.

హద్దు తెలియుటచే ధనలాభము కూడ కలదు. 2021 జనవరిలో హైదరాబాదున గృహములకు నెలకు 20,000 లీటర్ల నీటిని ఉచితముగా ఇచ్చు పథకము ఆరంభమైనప్పుడు, మీటరు ఉండుట దానికి నిబంధనగా పెట్టిరి. ఐదుగురున్న యింటికి ఇది మనిషికి దినమునకు సుమారు 133 లీటర్లు. మహానగరములలో మనిషికి దినమునకు 150 లీటర్లు చాలునని నీటి సరఫరా ప్రమాణములు చెప్పుచున్నవి. అనగా ఆ హద్దు అవసరపు హద్దుకు కొంత లోపలనే ఉన్నది. అట్లే 2024లో ఆరంభమైన గృహజ్యోతి పథకమున అర్హులైన కుటుంబములకు నెలకు 200 యూనిట్ల హద్దు నిర్ణయించిరి. విద్యుత్ ఛార్జీలు కూడ వాడకము పెరిగిన కొలది పై శ్రేణికి పోవును. హద్దుకు దగ్గరగా ఉన్న యింట పది యూనిట్ల పొదుపే గణనీయమైన భేదము చూపును.

రెండవ మెట్టు: ఖర్చు లేని మార్పులు

కుళాయి నుండి క్షణమునకు ఒక చుక్క కారినచో, చుక్కకు నాలుగవవంతు మిల్లీలీటరు చొప్పున దినమునకు 20 లీటర్లకు పైగా నీరు పోవును. నెలకు ఇది 600 లీటర్లు దాటును. కొద్దిపాటి వెలగల వాషరు వేసినచో ఆ నష్టము ఆగును. ఆర్.ఓ. యంత్రము ఒక లీటరు మంచినీటిని ఇచ్చుటకు సాధారణముగా రెండు మూడు లీటర్లను బయటకు వదలును. ఆ నీటిని బకెట్టులో పట్టి నేల తుడుచుటకు, బాత్రూము కడుగుటకు వాడవచ్చును. బియ్యము, కూరగాయలు కడిగిన నీరు మొక్కలకు పనికివచ్చును.

వంటగదిలో పప్పును ముందుగా నానబెట్టుట, గిన్నెపై మూత ఉంచుట, ఉడుకు పట్టిన పిమ్మట మంట తగ్గించుట అను మూడు అలవాట్లు చాలును. బియ్యమును పలుమార్లు కడుగుటవలనను, గంజి వార్చుటవలనను బి విటమిన్లు నష్టమగును. కావున ఎసరు సరిపడునంతయే పోసి వండుట ఆరోగ్యమునకును, గ్యాస్ పొదుపునకును మేలు. 30 దినములు వచ్చు సిలిండరు 36 దినములు వచ్చినచో సంవత్సరమునకు రెండు సిలిండర్ల ఖర్చు మిగులును.

మూడవ మెట్టు: పాడైనప్పుడు మంచిది కొనుట

పర్యావరణ హితము పేరిట పనిచేయుచున్న వస్తువును పారవేసి కొత్తది కొనుట మితవ్యయము కాదు. సీలింగు ఫ్యాను విషయమున ఈ భేదము స్పష్టముగా తెలియును. పాత తరహా ఫ్యాను సుమారు 75 వాట్లు వాడగా, బి.ఎల్.డి.సి. ఫ్యాను సుమారు 30 వాట్లు వాడును. దినమునకు 12 గంటలు తిరిగినచో నెలకు 16 యూనిట్లు మిగులును. యూనిట్ 5 రూపాయలని అనుకొనినచో పొదుపు 80 రూపాయలు. ఫ్యాను వెల 3,000 రూపాయలైనచో, పనిచేయుచున్న దానిని తీసివేసి కొన్నవానికి ఆ ధనము తిరిగి వచ్చుటకు మూడు సంవత్సరములు దాటును. పాతది కాలిపోయిన పిమ్మట కొనువాడు ఏదో ఒక ఫ్యాను కొనక తప్పదు. మామూలు ఫ్యానుకంటె అతడు అధికముగా ఇచ్చినది 1,200 రూపాయలైనచో, అది పదునైదు నెలలలో తిరిగి వచ్చును. వస్తువు ఒకటే, ఫలము ఒకటే. వేచియుండుటవలన కలిగిన లాభము ఇది.

దీపముల సంగతి దీనికి భిన్నము. 60 వాట్ల పాత బల్బు బదులు 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పెట్టినచో, దినమునకు ఐదు గంటల వాడకమున నెలకు ఏడున్నర యూనిట్లు మిగులును. దాని వెల కొలది నెలలలోనే తిరిగి వచ్చును గనుక పాతది మాడిపోవువరకు ఆగనవసరము లేదు. దేనికి ఆగవలెనో, దేనికి ఆగరాదో లెక్కయే చెప్పును.

నాలుగవ మెట్టు: తడిచెత్త

2016 నాటి ఘనవ్యర్థముల నిబంధనలు చెత్తను ఇంటియందే వేరుచేయుట గృహస్థుని విధిగా పేర్కొనినవి. వేరుచేసిన తడిచెత్త ఎంత విలువైనదో తార్నాకలోని శాస్త్రజ్ఞులే చూపిరి. పూర్వము ప్రాంతీయ పరిశోధనశాలగా పేరొంది, 1989 నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పిలువబడుచున్న సంస్థ, గాలి చొరని తొట్టిలో సూక్ష్మజీవులచే చెత్తను కుళ్ళబెట్టి వాయువు తీయు పద్ధతిని రూపొందించినది. ఆ పద్ధతిపై బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టున యంత్రాగారమును నెలకొల్పిరి. అచ్చట దినమునకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థము నుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తును, క్యాంటీను వంటకు 30 కిలోల ఇంధనమును తీయుచున్నట్లు 2021లో దేశమంతటికి తెలిసినది. కుళ్ళి దుర్గంధము వెదజల్లవలసిన ఆకులే దుకాణములకు దీపములైనవి.

ఇంటికి అంత యంత్రము అక్కరలేదు. అడుగున, ప్రక్కల రంధ్రములు గల పెద్ద మట్టికుండ ఒకటి చాలును. అడుగున ఎండుటాకులు పరచి, వంటింటి తొక్కలు ఒక పొర, ఎండుటాకులు ఒక పొరగా వేయుచు, నడుమ నడుమ పుల్లని మజ్జిగ కొంచెము చిలకరించి మూత పెట్టవలెను. తడి ఎక్కువైనచో దుర్వాసన వచ్చును. అప్పుడు ఎండుటాకులు చేర్చవలెను. కుండ నిండిన పిమ్మట సుమారు రెండు నెలలకు నల్లని ఎరువగును. చెట్లు ఆకురాల్చు ఋతువున వీధులలో ఆకులను ఊడ్చి కాల్చుటకంటె ఇట్లు వాడుట మేలు. పూజానంతరము మిగిలిన పత్రిని, పుష్పములను ప్లాస్టిక్ సంచిలో కట్టి చెరువున వేయక, శుభ్రమైన చోట చెట్టు మొదట చేర్చుట భక్తికిని తగినది.

చివరి మెట్టు: కప్పుపై నీరు, కప్పుపై వెలుగు

హైదరాబాదున సంవత్సరమునకు సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియును. 100 చదరపు మీటర్ల కప్పుపై అది 80,000 లీటర్లు. ఆవిరి, వృథా పోగా 60,000 లీటర్లు దక్కినను, పైన చెప్పిన 20,000 లీటర్ల హద్దు చొప్పున మూడు నెలల నీరు. కప్పును శుభ్రపరచి, తొలివాన నీటిని వదలివేసి, పిమ్మటి నీటిని ఇంకుడు గుంతకు మళ్ళింపవలెను. 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము వాననీటిని ఇంకించుటను ప్రోత్సహించినది. పలు యిండ్లు కలిసి చేసినచోనే బోర్లలో ఫలము కనబడును. ఒక యింటి ఇంకుడు గుంత పొరుగింటి బోరునకును నీరిచ్చును.

సూర్యవిద్యుత్తు పెద్ద ఖర్చు. ఒక కిలోవాటు ఫలకములు దినమునకు సుమారు 4 యూనిట్లు ఇచ్చును. వాడకమును తగ్గించిన పిమ్మట దీనిని ఆలోచించినచో చిన్న యంత్రమే సరిపోవును. ముందే కొన్నచో దుర్వ్యయమునకు సరిపడు పెద్ద యంత్రము కావలసి వచ్చును. విశాలమైన కప్పు గల మఠములు ఈ విషయమున ముందు నడువవచ్చును. దాసోహములలో మోదుగ విస్తరాకులను గాని, కడిగి వాడు స్టీలు పళ్ళెములను గాని వాడుట తగినది. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు 2022 జూలై 1 నుండి నిషిద్ధములు.

మిగిలినది ఎవరిది?

ఒక మెట్టున మిగిలిన ధనమును వేరుగా ఉంచి, దానితోనే తరువాతి మెట్టు ఎక్కవలెను. అప్పుడు ఇంటి నెలసరి ఖర్చుపై భారము పడదు. గ్యాస్ పొదుపుతో దీపములు, దీపముల పొదుపుతో ఫ్యాను, ఫ్యాను పొదుపుతో ఇంకుడు గుంత. ఇట్లు రెండు మూడు సంవత్సరములలో అప్పు లేకయే ఇల్లు మారును.

అటుపై మిగులు ధనము ఏమి చేయవలెను? పొదుపు చేసిన ధనముతో అనవసరమైన మరియొక వస్తువు కొన్నచో కథ మొదటికి వచ్చును. కాయకమున ఆర్జించినది దాసోహమున వినియోగము కావలెనని బసవేశ్వరుని ఉపదేశము. పొరుగు విద్యార్థి పుస్తకములకో, అన్నదానమునకో కొంత చేరినప్పుడు ఆ పొదుపు పిసినారితనము కాక సేవ యగును. లక్కమ్మ వెనుకకు పంపిన గింజలు మరియొకరి ఆకలికి మిగిలినవి. నేడు గృహస్థుడు వృథా చేయక విడిచిన నీరు, మురుగు కాకుండ ఆపిన చెత్త, అట్లే ఎవరికో మిగులును.

అభ్యాసము

1. ఈ నెల నాలుగు లెక్కలను కుటుంబ సభ్యులు కలిసి వ్రాయుదురు గాక. నెల చివర అధికము ఎచ్చటనున్నదో కలిసి గుర్తింపవలెను.

2. వచ్చు నెల ఒకే ఒక మార్పు చేసి, ఫలమును అంకెలలో చూడవలెను.

3. మూడు నెలల పొదుపును లెక్కించి, అందు కొంత తరువాతి మెట్టునకు, కొంత దాసోహమునకు కేటాయింపవలెను.